నర్సు ప్రాక్టీషనర్‌కి 92,000 డాలర్ల ఫెడరల్ లోన్: రీఫైనాన్స్ చేసి తీర్చేయాలా, మాఫీ దాకా నడిపించాలా?

మీరు రాసిన పరిస్థితిని ముందు నా మాటల్లో చెప్తాను. తేడా ఉంటే సరిదిద్దండి. మీకు గ్రీన్‌కార్డు ఉంది. అమెరికాలోనే నర్సింగ్‌లో మాస్టర్స్ చేసి 2019లో పూర్తి చేశారు. దానికోసం తీసుకున్న ఫెడరల్ లోన్ ఇప్పుడు 92,000 డాలర్లు, వడ్డీ సగటున 6.5 శాతం. అప్పటినుంచీ ఒక నాన్ ప్రాఫిట్ ఆసుపత్రిలోనే ఫుల్ టైమ్ చేస్తున్నారు. మీ ఆదాయం 95,000, మీవారిది 140,000, ఒక పాప. 2023లో ఆదాయాన్నిబట్టి కిస్తీ వేసే సేవ్ ప్లాన్‌లోకి మారారు, అది కోర్టుల్లో ఆగిపోయాక ఏమీ కట్టకుండా అలాగే ఉండిపోయారు. ఇప్పుడు మీవారు "5.5 శాతానికి రీఫైనాన్స్ చేసి ఏడేళ్లలో వదిలించుకుందాం" అంటున్నారు. ఇంతలో ఎవరో ఫోన్ చేసి, 900 డాలర్లు కడితే లోన్ మొత్తం మాఫీ చేయిస్తామన్నారు. ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

రీఫైనాన్స్ కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఫోన్ చేసినవాళ్లకి డబ్బు కట్టకండి. ఈ రెండూ ఆపితే మిగతావి తీరిగ్గా చూసుకోవచ్చు. నేను ఒక యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా చూసేది ఇదే: మాఫీకి సగం దూరం వచ్చేసి, ఆ సంగతి తెలియక రీఫైనాన్స్ చేసుకోవడం. ఫెడరల్ లోన్‌ని ప్రైవేటు బ్యాంకుకి మార్చాక మళ్లీ వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

మీవారి ఆలోచన నాకు అర్థమవుతుంది. అగ్నిశేషం, రుణశేషం, శత్రుశేషం ఉంచకూడదని వింటూ పెరిగినవాళ్లం. అప్పు ఉందంటేనే నిద్ర పట్టదు. ఇంటి అప్పుకీ, కారు అప్పుకీ ఆ మాట సరిపోతుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్ విషయంలో మాత్రం ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి: దీన్ని తీరుస్తున్నామా, మాఫీ చేయించుకుంటున్నామా? తీర్చేదైతే తక్కువ వడ్డీకి మార్చి, ఎక్కువ కట్టి, త్వరగా ముగించాలి. మాఫీ కోసమైతే నెలకి వీలైనంత తక్కువ కట్టి, లెక్కలోకి వచ్చే నెలలు పోగేసుకోవాలి. రెండింటి మధ్య ఊగేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మాఫీ వస్తుందని నమ్ముతూనే అదనంగా అసలు కట్టేవాళ్లని చూశాను. వాళ్లు కట్టిన ఆ అదనం ఎటూ మాఫీ అయ్యే డబ్బే.

మీ కేసులో మొగ్గు మాఫీ వైపే ఉంది, అదీ బాగా ఉంది. ఎందుకో చెప్తాను.

పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ అని 2007లో కాంగ్రెస్ చేసిన చట్టం ఉంది. అందరూ పీఎస్ఎల్ఎఫ్ అంటారు. ప్రభుత్వంలో గానీ, 501(సి)(3) (టాక్స్ మినహాయింపు ఉన్న) నాన్ ప్రాఫిట్ సంస్థలో గానీ వారానికి కనీసం 30 గంటలు పనిచేస్తూ, అర్హత ఉన్న ప్లాన్‌లో 120 నెలల కిస్తీలు కడితే మిగిలిన బాకీ అంతా పోతుంది. ఆ మాఫీ మీద ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. 120 నెలలు వరసగా ఉండాల్సిన పని లేదు. మధ్యలో రెండేళ్లు ప్రైవేటు క్లినిక్‌లో చేసినా, అంతకుముందు పోగైన నెలలు ఎక్కడికీ పోవు. మన ఊళ్లలో ఎన్నికలప్పుడు వినే రుణమాఫీ ఒక ప్రకటనతో వస్తుంది, తర్వాత జాబితాలో పేరుందో లేదో చూసుకోవాలి. ఇది అలాంటిది కాదు. చట్టంలో రాసి ఉన్న హక్కు, మీరు లోన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన ప్రామిసరీ నోటులో కూడా ఈ ప్రస్తావన ఉంటుంది.

ఇప్పుడు మీ నెలలు లెక్కిద్దాం. 2019 మేలో చదువు అయిపోతే కిస్తీ కట్టక్కర్లేని ఆరు నెలల గ్రేస్ పీరియడ్ పోను డిసెంబరు నుంచి కిస్తీలు మొదలవుతాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కిస్తీలు ఆపేశారు, మళ్లీ 2023 శరత్కాలంలో గానీ మొదలవలేదు. మీరు పైసా కట్టని ఆ మూడున్నరేళ్లూ, ఫుల్ టైమ్ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, కట్టినట్టే లెక్క. చాలామందికి ఇది తెలియదు. కట్టనే లేదు కదా, ఎలా లెక్కిస్తారని నాతో వాదించినవాళ్లున్నారు. లెక్కిస్తారు. 2024 వేసవిలో సేవ్ ప్లాన్ ఆగిపోయేదాకా చూసుకుంటే, మీకు సుమారు 55 నెలలు ఉండాలి. అంటే ఇంకా 65.

అయితే ఇది మీరు చెప్పినదాన్నిబట్టి నేను వేసిన లెక్క. అసలు లెక్క మీ ఆసుపత్రి సర్టిఫై చేస్తే తేలుతుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పీఎస్ఎల్ఎఫ్ ఫారం పెట్టలేదని రాశారు. మీ మొదటి పని అదే. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో లాగిన్ అయితే యజమాని అర్హతను వెతికే టూల్ ఉంటుంది. అందులో ఆసుపత్రి పేరు కొట్టకండి, మీ డబ్ల్యూ-2 (యజమాని ఏటా ఇచ్చే జీతం, టాక్స్ పత్రం) మీద ఉన్న ఈఐఎన్ నంబరు (యజమాని గుర్తింపు సంఖ్య) కొట్టండి. ఎందుకంటే బోర్డు మీద పేరు నాన్ ప్రాఫిట్‌దే ఉంటుంది, జీతం మాత్రం వేరే ఫిజీషియన్ గ్రూపో, స్టాఫింగ్ కంపెనీయో ఇస్తుంటుంది. నర్సు ప్రాక్టీషనర్లకి ఈ చిక్కు తరచూ వస్తుంది. ఏ ఏడాదైనా ఈఐఎన్ మారి ఉంటే దానికి వేరే ఫారం పెట్టాలి. ఫారం ఆన్‌లైన్‌లోనే నింపితే హెచ్ఆర్‌కి సంతకం కోసం ఈమెయిల్ వెళ్తుంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడిపోవడం మామూలే కాబట్టి, ముందే వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి.

"పీఎస్ఎల్ఎఫ్ ఎవరికీ రాదట కదా" అని మీవారు అన్నారని రాశారు. ఆ మాట గాలిలోంచి పుట్టలేదు. 2017లో మొదటి బ్యాచ్ 120 నెలలు పూర్తి చేసుకున్నప్పుడు వచ్చిన దరఖాస్తుల్లో 99 శాతం దాకా తిరస్కరించారు. లోన్ రకం వేరు కావడం, ప్లాన్ వేరు కావడం, సర్వీసర్లు (ప్రభుత్వం తరఫున కిస్తీలు వసూలు చేసే కంపెనీలు) సరిగ్గా చెప్పకపోవడం లాంటివి దానికి కారణాలు. 2021కి ముందు మాఫీ పొందినవాళ్లు 7,000 మందే. తర్వాత నిబంధనలు సడలించారు, పాత నెలలు తిరిగి లెక్కించారు. 2024 అక్టోబరు నాటికి ఆ సంఖ్య పది లక్షలు దాటింది. 2025 జులై 4న వచ్చిన పెద్ద చట్టం చాలా ప్లాన్లను ఎత్తేసింది గానీ పీఎస్ఎల్ఎఫ్‌ను ఎత్తేయలేదు. కొన్ని సంస్థలను అనర్హం చేయగల కొత్త నిబంధన ఒకటి 2026 జులై 1 తేదీతో తెచ్చారు, దానిమీద కోర్టు కేసులు కూడా వేశారు. మామూలు ఆసుపత్రి ఉద్యోగి దానిగురించి టెన్షన్ పడాల్సిన అవసరం ఉందని నేననుకోను.

ఇక సేవ్. 2023లో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన ఈ ప్లాన్‌ను కొన్ని రాష్ట్రాలు కోర్టులో సవాలు చేయడంతో 2024 వేసవిలో ఆగిపోయింది. అందులో ఉన్నవాళ్లందరినీ ఫోర్‌బేరెన్స్‌లో, అంటే కిస్తీ తాత్కాలికంగా ఆపే స్థితిలో, పెట్టారు. కట్టక్కర్లేదు కదా అని చాలామంది హాయిగా ఉన్నారు, మీలాగే. కానీ ఆ నెలలు పీఎస్ఎల్ఎఫ్‌కి లెక్క రావు. పైగా 2025 ఆగస్టు 1 నుంచి వడ్డీ మళ్లీ పడుతోంది. 92,000 మీద 6.5 శాతం అంటే నెలకి దాదాపు 500 డాలర్లు. కొత్త చట్టం ప్రకారం ఆదాయాన్నిబట్టి కట్టే సేవ్, పే (పీఏవైఈ), ఐసీఆర్ మూడు ప్లాన్లూ 2028 జులై 1 నాటికి పోతాయి. కాబట్టి దానంతటది మూతపడేదాకా మీరు ఎదురుచూడటంలో లాభం లేదు. బయటికి రండి.

ఆగిపోయిన నెలల్ని తిరిగి సంపాదించుకునే దారి కూడా ఒకటుంది, బైబ్యాక్ అంటారు. ఫోర్‌బేరెన్స్‌లో ఉన్న నెలలకి, అప్పటి ఆదాయాన్నిబట్టి పడాల్సిన కిస్తీని ఇప్పుడు ఒకేసారి కట్టి ఆ నెలల్ని లెక్కలో చేర్పించుకోవచ్చు. కాకపోతే ఆ నెలలు కలిపితే 120 నిండాలి. మధ్యలో అడిగితే ఇవ్వరు. మీ ఉద్యోగం 2019 డిసెంబరు నుంచి లెక్కిస్తే 2029 నవంబరుకి పదేళ్లు నిండుతాయి. అప్పుడు బైబ్యాక్ అడగొచ్చు. వేల దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయి, నెలల తరబడి పడుతోంది, నిబంధన అప్పటికి ఇలాగే ఉంటుందని హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు. అందుకే బైబ్యాక్‌ని అదనపు అవకాశంగా చూడండి, ప్లాన్ మొత్తం దానిమీద వేయకండి. అది కుదరకపోతే, మీరు కట్టడం మొదలుపెట్టిన రోజునుంచి 65 నెలలు. కుదిరితే దాదాపు రెండేళ్లు ముందే బయటపడతారు.

ఏ ప్లాన్‌లోకి మారాలన్నది కాస్త లెక్కతో కూడిన పని. మీ ముందున్నవి ప్రధానంగా రెండు. రెండిట్లోనూ కిస్తీ ఆదాయాన్నిబట్టే. ఒకటి పాత ఐబీఆర్. రెండోది కొత్త చట్టం 2026 జులై 1 తేదీతో తెచ్చిన ర్యాప్.

ఐబీఆర్‌లో, 2014 జులై 1 తర్వాతే మొదటిసారి లోన్ తీసుకున్నవాళ్లకి, పేదరిక రేఖకి ఒకటిన్నర రెట్లు తీసేసి మిగిలిన ఆదాయంలో 10 శాతం కట్టాలి. మీరు ఆ కోవలోకే వస్తారు. అంతకుముందు లోన్లున్నవాళ్లకి అది 15 శాతం. ఇంకో ముఖ్యమైన సంగతి: ఐబీఆర్‌లో కిస్తీకి ఒక పరిమితి ఉంది. ఆదాయం ఎంత పెరిగినా, పదేళ్ల స్టాండర్డ్ ప్లాన్‌లో కట్టాల్సిన మొత్తాన్ని దాటదు. మీ లోన్‌కి అది సుమారు 1,045 డాలర్లు. ఇంతకుముందు ఆదాయం ఎక్కువుంటే ఐబీఆర్‌లోకి చేరనిచ్చేవాళ్లు కాదు. 2025 చట్టం ఆ షరతు తీసేసింది.

ర్యాప్ వేరేలా పనిచేస్తుంది. ఇందులో పేదరిక రేఖ మినహాయింపు లేదు. మొత్తం ఏజీఐ (టాక్స్ రిటర్న్‌లో కొన్ని మినహాయింపులు పోను మిగిలే ఆదాయం) మీద శాతం. 10,000 లోపు ఉంటే నెలకి 10 డాలర్లు, ఆ తర్వాత ప్రతి పదివేలకీ ఒక్కో శాతం పెరుగుతూ పోయి, లక్ష దాటితే 10 శాతం. ఒక్కో డిపెండెంట్‌కి నెలకి 50 డాలర్లు తగ్గిస్తారు. పైన పరిమితి అంటూ ఏమీ లేదు. మీరిద్దరూ టాక్స్ రిటర్న్ జాయింట్‌గా (కలిపి) ఫైల్ చేస్తే ఏజీఐ 235,000. ర్యాప్ కిస్తీ నెలకి 1,900 పైచిలుకు. అదే ఐబీఆర్‌లో 1,045 దగ్గర ఆగిపోతుంది. మీరు సెపరేట్‌గా (విడిగా) ఫైల్ చేసి, పాప మీ రిటర్న్‌లో ఉంటే, ర్యాప్‌లో సుమారు 660. ఐబీఆర్‌లో, 2025 పేదరిక రేఖ ప్రకారం ఇద్దరు సభ్యుల కుటుంబంగా లెక్కేస్తే సుమారు 530. ఏవిధంగా చూసినా మీకు ఐబీఆరే మెరుగు.

అలాగని ర్యాప్ చెత్త ప్లానేమీ కాదు. రెసిడెన్సీ చేస్తున్న డాక్టరుని తీసుకోండి. లోన్ 200,000, వడ్డీ 7 శాతం, ఆదాయం 64,000 అనుకుందాం. నెలకి వడ్డీయే 1,160 దాటుతుంది. ర్యాప్ కిస్తీ 320. మిగిలిన 840 పైచిలుకు వడ్డీని ర్యాప్‌లో వదిలేస్తారు, అసలుకి కలపరు. పైగా అసలు నెలకి కనీసం 50 డాలర్లు తగ్గేలా ప్రభుత్వమే సర్దుతుంది. ఐబీఆర్‌లో ఆ సౌకర్యం లేదు, బాకీ పెరుగుతూ పోతుంది. పీఎస్ఎల్ఎఫ్ ఖాయం కాదు అనుకునే రెసిడెంట్‌కి ఇది పెద్ద ఊరట. ర్యాప్‌లో నాకు నచ్చనిది ఆ మెట్ల పద్ధతి. ఏజీఐ సరిగ్గా 70,000 అయితే నెలకి 350 కడతారు. ఒక్క డాలరు పెరిగితే ఏడు శాతంలోకి జారి 408 కట్టాలి. అంటే ఒక డాలరు జీతం పెరిగినందుకు ఏడాదికి 700 డాలర్ల కిస్తీ. ఇలా అంచుమీద ఉన్నవాళ్లు రిటైర్మెంట్ ఖాతాలో కాస్త ఎక్కువ వేసుకుని మెట్టు దిగితే సరిపోతుంది.

ఆ చిట్కా మీకూ పనికొస్తుంది. ఆసుపత్రిలో 403(బి) రిటైర్మెంట్ ఖాతా ఉండే ఉంటుంది. సెపరేట్‌గా ఫైల్ చేసేట్టయితే, అందులో టాక్స్‌కి ముందే వేసే ప్రతి 10,000 డాలర్లకీ ఐబీఆర్ కిస్తీ నెలకి 83 డాలర్లు తగ్గుతుంది. వైద్య ఖర్చులకి దాచుకునే హెచ్ఎస్ఏ కూడా అంతే. ఎటూ మాఫీ కాబోయే అప్పుకి కట్టే బదులు మీ ముసలితనానికి దాచుకున్నట్టవుతుంది.

సెపరేట్‌గా ఫైల్ చేయడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇక్కడే మీ సీపీఏతో (టాక్స్ చూసే అకౌంటెంటుతో) మీకు వాదన వస్తుంది. జాయింట్‌గా అయితే 1,045, సెపరేట్‌గా అయితే 530. తేడా ఏడాదికి సుమారు 6,200 డాలర్లు. సెపరేట్‌గా ఫైల్ చేస్తే టాక్స్ ఎంత ఎక్కువ పడుతుందో సీపీఏని అడగండి. ఆ పెరిగేది 6,200 కన్నా తక్కువైతే సెపరేట్ లాభం, ఎక్కువైతే జాయింట్. ఏ పద్ధతిలో ఫైల్ చేసినా ఐబీఆర్ పీఎస్ఎల్ఎఫ్‌కి లెక్కకొస్తుంది. ఇద్దరికీ మంచి జీతాలు ఉన్నప్పుడు టాక్స్ తేడా జనం భయపడేంత ఉండదు. పోయేవి ఏమిటంటే, చైల్డ్ కేర్ ఖర్చుల క్రెడిట్ పోతుంది, రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో నేరుగా వేసుకోవడం దాదాపు కుదరదు, పిల్లల సంరక్షణకి టాక్స్ లేకుండా దాచుకునే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ పరిమితి సగమవుతుంది. స్టూడెంట్ లోన్ వడ్డీ డిడక్షన్ పోతుందని కొందరు బెదిరిస్తారు. మీ ఇద్దరి ఆదాయం మీద అది జాయింట్‌లో కూడా ఎటూ రాదు, కాబట్టి పోయేదేమీ లేదు. చైల్డ్ టాక్స్ క్రెడిట్ ఉంటుంది, పాపని ఎవరి రిటర్న్‌లో చూపిస్తే వాళ్లకి.

మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో రాయలేదు. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా, నెవాడా, న్యూమెక్సికో, ఐడహో, లూసియానా, విస్కాన్సిన్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. మనవాళ్లు చాలామంది డాలస్, హ్యూస్టన్, బే ఏరియా, సియాటిల్ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి చెప్తున్నాను. అక్కడ సెపరేట్‌గా ఫైల్ చేసినా ఇద్దరి జీతాలూ కలిపి చెరిసగం చూపించాలి. అప్పుడు మీ రిటర్న్ మీద 95,000 కాదు, 117,500 కనబడుతుంది. కిస్తీ సుమారు 715కి పెరుగుతుంది. జాయింట్‌తో తేడా ఏడాదికి 4,000 లోపే. అప్పుడు కూడా లాభమే కావచ్చు, కానీ లెక్క దగ్గరగా ఉంటుంది. మీలో ఎవరి జీతం ఎక్కువన్నది కూడా ముఖ్యం. లోన్ ఉన్నవాళ్ల జీతం ఎక్కువైతే ఈ చెరిసగం పద్ధతి వాళ్లకే లాభం చేస్తుంది.

ఇప్పుడు మీవారి రీఫైనాన్స్ లెక్క పక్కన ఇది పెట్టండి. 5.5 శాతానికి ఏడేళ్లంటే నెలకి 1,320 దాకా, మొత్తం 111,000 డాలర్లు. ఐబీఆర్‌లో సెపరేట్‌గా ఫైల్ చేస్తూ 65 నెలలు కడితే, జీతం కొద్దికొద్దిగా పెరుగుతుందనుకున్నా మొత్తం 35,000 నుంచి 40,000. టాక్స్ ఏడాదికి మూడువేలు ఎక్కువ కట్టారనుకున్నా ఇంకో 16,000. సెపరేట్ గొడవే వద్దు, జాయింట్‌గానే ఉంటాం, 1,045 కడతాం అన్నా 68,000 దగ్గర ఆగుతుంది. అంటే మీరు ఏ తెలివీ చూపించకుండా, ఊరికే నెలనెలా కట్టుకుంటూ పోయినా రీఫైనాన్స్ కన్నా 43,000 మిగులుతాయి. వడ్డీ ఒక శాతం తగ్గుతుందన్న ఆనందంలో ఇది కనబడదు.

రీఫైనాన్స్ ఎవరికి మంచిది? లాభాపేక్ష ఉన్న కంపెనీలో స్థిరంగా పనిచేసేవాళ్లకి, లోన్ జీతం కన్నా తక్కువ ఉన్నవాళ్లకి, ఆరునెలల ఖర్చులు పక్కన పెట్టుకున్నవాళ్లకి. ఐటీలో ఉన్న మీవారి లోన్ అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. మీరు ఒకవేళ వచ్చే ఏడాదే ప్రైవేటు ప్రాక్టీసుకి వెళ్లి మళ్లీ నాన్ ప్రాఫిట్‌కి రాననుకుంటే అప్పుడు లెక్క మారుతుంది. అలాంటి ఆలోచన ఉంటే పీఎస్ఎల్ఎఫ్ నెలల సంఖ్య చేతికొచ్చాక నిర్ణయించుకోండి, ముందు కాదు. ఇంకో సంగతి, ప్రైవేటు లోన్‌కి పీఎస్ఎల్ఎఫ్ లేదు, ఆదాయాన్నిబట్టి కిస్తీ లేదు. ఫెడరల్ లోన్ అయితే తీసుకున్నవాళ్లు చనిపోతే గానీ, శాశ్వతంగా పనిచేయలేని వైకల్యం వస్తే గానీ రద్దవుతుంది. ప్రైవేటులో అది ఆ బ్యాంకు ఒప్పందాన్నిబట్టి ఉంటుంది. అశుభం పలకడం ఎందుకంటారేమో గానీ, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇది చూడాల్సిన విషయమే.

ఫోన్ చేసిన కంపెనీ గురించి. స్టూడెంట్ లోన్ మాఫీకి సంబంధించిన ఏ దరఖాస్తుకీ ప్రభుత్వానికి గానీ సర్వీసర్‌కి గానీ ఒక్క సెంటు ఫీజు లేదు. వాళ్లు చేసేది మీరు పది నిమిషాల్లో నింపే ఫారమే. అంతకన్నా ప్రమాదం, వాళ్లు మీ ఎఫ్ఎస్ఏ ఐడీ (స్టూడెంట్‌ఎయిడ్ సైటు లాగిన్), పాస్‌వర్డ్ అడుగుతారు. ఇచ్చారా, మీ ఈమెయిల్ అడ్రసు మార్చేసి మీకు ఉత్తరాలు రాకుండా చేసి, ఫోర్‌బేరెన్స్‌లో పడేసి కూర్చుంటారు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే పాస్‌వర్డ్ మార్చండి, సర్వీసర్‌కి ఫోన్ చేసి ఎవరికైనా అనుమతి ఇచ్చినట్టు నమోదై ఉందేమో అడిగి తీయించేయండి.

ఒక హెచ్చరిక ప్రత్యేకంగా మీకే. డీఎన్‌పీ (నర్సింగ్‌లో డాక్టరేట్) చేద్దామని కూడా రాశారు. 2026 జులై 1 తర్వాత కొత్త ఫెడరల్ లోన్ ఏదైనా తీసుకుంటే, పాత లోన్లకి ఐబీఆర్ దారి కూడా మూసుకుపోవచ్చు. కన్సాలిడేషన్‌ని (ఫెడరల్ లోన్లని కలిపి ఒకటి చేయడాన్ని) కూడా కొత్త లోన్‌గానే చూస్తారు. మీ లెక్కంతా ఐబీఆర్ పరిమితి మీద నిలబడి ఉంది కాబట్టి, డీఎన్‌పీకి లోన్ లేని మార్గం చూడండి. చాలా ఆసుపత్రులు ఉద్యోగుల చదువుకి ఏడాదికి 5,250 డాలర్ల దాకా టాక్స్ లేకుండా ఇస్తాయి. మీ హెచ్ఆర్‌ని అడగండి.

ఈ ప్రశ్న కింద వేరేవాళ్లు అడిగినవాటికి కూడా క్లుప్తంగా చెప్తాను.

నాన్ ప్రాఫిట్ ఉద్యోగం లేనివాళ్లకి మాఫీ అసలు లేదా? ఉంది, కానీ దూరం. ఐబీఆర్‌లో కొత్త బారోయర్లకి (2014 జులై 1 తర్వాతే మొదటిసారి లోన్ తీసుకున్నవాళ్లకి) 20 ఏళ్లు, పాతవాళ్లకి 25. ర్యాప్‌లో 30. 2025 చివరిదాకా ఈ మాఫీ మీద ఫెడరల్ టాక్స్ లేదు. 2026 నుంచి ఉంది. మాఫీ అయిన మొత్తం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. కాబట్టి దానికోసం ఏటా కొంత పక్కన పెట్టుకోవాలి. పీఎస్ఎల్ఎఫ్‌కి ఆ బెడద లేదు.

టీచరుగా చేస్తున్నవాళ్లకి వేరే పథకం ఒకటుంది. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు చదివే అర్హత ఉన్న స్కూల్లో వరసగా ఐదేళ్లు చేస్తే, హైస్కూల్ లెక్కలు, సైన్సు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకి 17,500 దాకా, మిగతావాళ్లకి 5,000 దాకా తగ్గిస్తారు. అవే ఐదేళ్లని పీఎస్ఎల్ఎఫ్‌కి కూడా లెక్కించరు. లోన్ పెద్దదైతే పీఎస్ఎల్ఎఫ్‌కే వెళ్లడం మంచిది.

పిల్లల చదువుకి పేరెంట్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ తీసుకున్న తల్లిదండ్రులకి తేదీ చాలా ముఖ్యం. ఆదాయాన్నిబట్టి కట్టే ప్లాన్ కావాలంటే 2026 జులై 1 లోపు కన్సాలిడేషన్ పూర్తయి ఉండాలి. దరఖాస్తు పెట్టడం కాదు, పూర్తవ్వాలి. ఆ తర్వాత ఐసీఆర్‌లో చేరి, అక్కడినుంచి ఐబీఆర్‌కి మారవచ్చు. ర్యాప్‌లోకి పేరెంట్ ప్లస్‌ని రానివ్వరు.

మెడిసిన్‌లో చేరబోయే పిల్లలున్నవాళ్లు: పీజీ, ప్రొఫెషనల్ విద్యార్థులకిచ్చే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోన్ 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి లేదు. ప్రొఫెషనల్ కోర్సులకి ఏడాదికి 50,000, మొత్తంమీద 200,000 పరిమితి. పైన కావాల్సింది ప్రైవేటు లోన్ తీసుకుంటే దానికి పీఎస్ఎల్ఎఫ్ వర్తించదు. కాలేజీ ఎంచుకునేటప్పుడే ఫీజు చూడాల్సిన రోజులు వచ్చాయి, ర్యాంకింగ్ ఒక్కటే చూస్తే కుదరదు.

ఎఫ్-1 మీద వచ్చి ఇండియా బ్యాంకులోనో, ఇక్కడి ప్రైవేటు సంస్థలోనో లోన్ తీసుకున్నవాళ్లకి పైన చెప్పినవేవీ వర్తించవు. మీ లోన్ ఫెడరల్ కాదు. మీకు మాఫీ చేయిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే, వినకుండా పెట్టేయండి.

కిస్తీలు కట్టక 270 రోజులు దాటితే డిఫాల్ట్. కోర్టుకి వెళ్లకుండానే జీతంలో 15 శాతం దాకా, టాక్స్ రిఫండ్ మొత్తం పట్టుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. పది నెలల్లో తొమ్మిది కిస్తీలు కట్టే రిహాబిలిటేషన్‌తో బయటికి రావచ్చు, కిస్తీ ఆదాయాన్నిబట్టే నిర్ణయిస్తారు. ఆ స్థితికి వచ్చినవాళ్లు ఉత్తరాలు విప్పకుండా దాచేస్తుంటారు. విప్పి, డిఫాల్ట్ గ్రూపుకి ఫోన్ చేయండి.

మళ్లీ మీ సంగతికి. పనుల వరస ఇది. పీఎస్ఎల్ఎఫ్ ఫారం ఈ వారమే పెట్టండి. అది నడుస్తుండగా సీపీఏతో జాయింట్, సెపరేట్ రెండు లెక్కలూ వేయించండి. సెపరేట్ అని తేలితే ముందు రిటర్న్ ఫైల్ చేసి, ఐఆర్ఎస్‌లో అది ప్రాసెస్ అయ్యాక ఐబీఆర్‌కి దరఖాస్తు పెట్టండి. ఎందుకంటే ఆదాయం వివరాలు నేరుగా అక్కడినుంచే తీసుకుంటారు, పాత జాయింట్ రిటర్న్ దొరికితే 1,045 వేసేస్తారు. ఆటోపే పెట్టుకుంటే వడ్డీ పావు శాతం తగ్గుతుంది, కిస్తీ తప్పే బాధా ఉండదు. ప్రతి ఏడాది ఆదాయం వివరాలు, ఆసుపత్రి సంతకం రెండూ కొత్తగా పెట్టండి. సర్వీసర్ మారుతుంటారు, అలా మారినప్పుడు పాత కిస్తీల చరిత్ర గల్లంతవడం కొత్తేమీ కాదు. కాబట్టి ఇప్పుడే వాళ్ల సైటులోంచి పేమెంట్ హిస్టరీ మొత్తం పీడీఎఫ్‌గా దించుకుని పెట్టుకోండి.

పీఎస్ఎల్ఎఫ్ ఫారానికి జవాబు వచ్చాక, ఎన్ని నెలలు లెక్కించారో, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఇక్కడే రాయండి. 55 కన్నా బాగా తక్కువ చూపిస్తే ఎక్కడ తగ్గిందో నెలవారీగా చూద్దాం.